తొండం రాయి మలుపు

తెల్ల టూరిస్టు కారు కొండ అంచున రెయిలింగ్‌ని చీల్చుకుని సముద్రంలోకి దూకింది. బ్రేకు వేసిన గుర్తు రోడ్డు మీద ఒక్కటి కూడా లేదు.

మర్నాడు పడవలవాళ్ళు కారుని పైకి లాగితే వెనక సీట్లో ఒక శవం ఉంది. బెల్టు పెట్టుకునే ఉంది. మెడ పక్కన సూది గుచ్చిన చిన్న ఎర్రచుక్క. డ్రైవర్ సీటు ఖాళీ.

పోయినవాడి చేతి గడియారం ఇంకా ఆడుతోంది. అది ఉత్త గడియారం కాదు. నీళ్ళలో మునిగేలోపు హెడ్‌క్వార్టర్స్‌కి ఒక మెసేజ్ పంపింది. రెండే మాటలు.

"లంగరు. కారులోనే."

* * *

హెడ్‌క్వార్టర్స్ బయటినుంచి చూస్తే కుళాయిలు, పైపులు అమ్మే హోల్‌సేల్ కంపెనీ. ముందు గదిలో నిజంగానే కుళాయిలు అమ్ముతారు. వాష్‌బేసిన్ల వరస దాటి వెనక్కి వెళ్తే పెద్దాయన గది. ఆయన అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలీదు. అడిగే ధైర్యం చేసినవాళ్ళెవరూ ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో లేరు.

"కూర్చో, తాబేలూ."

తాబేలు కూర్చున్నాడు. ట్రైనింగ్‌లో ప్రతి పరుగు పందెంలోనూ చివర వచ్చినందుకు తోటివాళ్ళు పెట్టిన పేరది. ముందు వచ్చినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. ఇతను ఉన్నాడు. నలభైకి దగ్గరపడుతున్నా ఇంకా పెళ్ళి కాలేదు. తొందరపడి ఏ పనీ చెయ్యడని చెప్పడానికి వాళ్ళ అక్క ఇప్పటికీ ఈ సంగతే సాక్ష్యంగా చూపిస్తుంది.

"లంగరు గురించి ఏం తెలుసు?" అన్నాడు పెద్దాయన.

"హార్బర్ రింగ్‌లో నంబర్ వన్ ఆపరేటర్. పరాయి దేశపు ముఠా. మొహం చూసినవాళ్ళు లేరు."

"మన కుర్రాడు చూశాడు. అందుకే పోయాడు. ఆ కారులో ఇంకెవరున్నారు?"

"డ్రైవర్."

"వాడు మాయం. టూర్ ఆఫీసులో వాడి ఫొటో కూడా ఎవరో చింపేశారు. లోకల్ పోలీసులు వాడే లంగరు అంటున్నారు." పెద్దాయన గోడ మీది మ్యాప్ దగ్గరికి నడిచాడు. "తీరం చూడు. మూడు ద్వీపకల్పాలు. మూడు వేళ్ళు చాపినట్టు సముద్రంలోకి పొడుచుకొచ్చాయి. మన సర్వే ఓడ ఎల్లుండి సాయంత్రం వీటి పక్కనుంచి హార్బర్‌కి వస్తుంది. ఎక్కడో ఒకచోట నీళ్ళ కింద మైన్ పెట్టారు. పేల్చడానికి రిమోట్ కావాలి. ఓడ కంటికి కనిపించేంత దగ్గర్లో, గట్టు మీద ఒక మనిషి నిలబడాలి."

"ఓడని సముద్రంలోనే ఆపేస్తే?"

"వెనకనుంచి తుఫాను తరుముకొస్తోంది. ఆపితే అదే ముంచుతుంది." పెద్దాయన గొంతు కాస్త తగ్గింది. "ఓడ కెప్టెన్ ఎవరో తెలుసుగా?"

"మా బావ."

"అందుకే నిన్ను పంపుతున్నా. ఇంకెవరినైనా పంపితే ఉద్యోగం చేస్తారు. నువ్వు మీ అక్క మొహం గుర్తుపెట్టుకుని చేస్తావు."

తాబేలు కుర్చీని మ్యాప్ వైపు జరుపుకున్నాడు.

"కవర్: భార్యాభర్తలు. లైసెన్స్ ఉన్న టూరిస్టు కారు. ఎల్లుండి ఆ రోడ్డు మీదికి మామూలు కార్లని వదలరు. టూర్ బండ్లని కూడా చెక్‌పోస్ట్‌లో విప్పి చూస్తారు. నీ కార్డు చూపిస్తే నీ కారుని ముట్టుకోరు. భార్యగా నెమలి వస్తుంది."

"డబుల్ ఏజెంటా?"

"రింగ్‌కి మన రహస్యాలు అమ్ముతున్నట్టు నటిస్తుంది. వాళ్ళవి మనకి తెస్తుంది. మైన్ సంగతి చెప్పింది ఆమే." పెద్దాయన డ్రాయర్‌లోంచి స్టీలు ఫ్లాస్క్ తీసి బల్ల మీద పెట్టాడు. "పైన టీ. అడుగున జామర్. మూత తిప్పి నొక్కు. చుట్టుపక్కల ఏ రేడియో సిగ్నలూ పనిచెయ్యదు. బ్యాటరీ కాసేపే వస్తుంది, ముందే వాడి పాడుచెయ్యకు. రివాల్వర్ ఇవ్వను. పెళ్ళాంతో షికారుకొచ్చినవాడి నడుముకి రివాల్వర్ ఉండదు."

"కొందరికి అవసరమేమో సార్."

పెద్దాయన నవ్వలేదు. "కోడ్ వర్డ్: 'ఈ గాలికి టోపీ నిలవదు.' జవాబు: 'దారం కట్టుకోండి.' వెళ్ళు. టీ బాగుంటుంది, అదీ తాగు."

* * *

లాడ్జి ముందు ఆగిన నీలం కారు పాతది. కిటికీ అద్దాలు ఎత్తాలంటే హ్యాండిల్ గిరగిరా తిప్పాల్సిందే. డ్రైవర్ కమ్ గైడ్ బొద్దుగా ఉన్నాడు. నల్ల కళ్ళజోడు, కనుబొమల దాకా లాగిన టోపీ, మెడ చుట్టూ తువ్వాలు. ఎండ ఇంకా సరిగ్గా రాకుండానే ఇంత ముసుగెందుకో తాబేలుకి అర్థం కాలేదు.

మెట్ల మీద నెమలి కనిపించింది. ఫైల్లో ఫొటో ఆమెకి అన్యాయం చేసింది. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు, భుజాన హ్యాండ్‌బ్యాగ్, చేతిలో సెల్ఫీ స్టిక్. ఎదురింటి బాల్కనీలో పళ్ళు తోముకుంటున్న మనిషి తోమడం ఆపేశాడు.

తాబేలు కోడ్ చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోపు డిక్కీలో సామాను సర్దుతున్న డ్రైవర్ తలెత్తి, "సార్, ఈ గాలికి టోపీ నిలవదు. లోపల పెట్టేసుకోండి," అన్నాడు.

తాబేలు చెయ్యి ఫ్లాస్క్ మీద బిగిసింది. మెట్ల మీద నెమలి ఒక్క క్షణం ఆగింది. డ్రైవర్ని చూసింది, తాబేలుని చూసింది.

"దారం కట్టుకోండి," అంది నవ్వుతూ. దగ్గరికొచ్చి అతని కాలర్ సర్దుతూ చెవిలో, "కోడ్ వీడి నోట్లోకి ఎలా వచ్చింది?" అంది.

"అదే చూద్దాం."

డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు. "మేడమ్ ఇటువైపు మొదటిసారా?"

"మొదటిసారే. ఈయన్ని పోరి పోరి తెచ్చుకున్నా."

"మా ఆవిడా అంతే మేడమ్. కాకపోతే నేను ఎక్కడికీ తీసుకెళ్ళను."

ఆమె ఎడమ పక్క కూర్చుంది. తాబేలు కుడి పక్క, సరిగ్గా డ్రైవర్ వెనక. ఆ సీటు అతను ఎంచుకున్నదే. స్టీలు ఫ్లాస్క్ బరువైనది. అక్కడినుంచి డ్రైవర్ మెడ చేతికందే దూరంలో ఉంటుంది.

కారు ఊరు దాటగానే డ్రైవర్ మొదలుపెట్టాడు. రేడియోకి ఆపే బటన్ ఉంటుంది, ఇతనికి లేదు. రాళ్ళకి పేర్లు చెప్పాడు. అలలకి గుణాలు చెప్పాడు. పెళ్ళి కాకముందు తను ఈత కొట్టిన చోట్లు చూపించాడు.

"ఇక్కడ ఒక పద్ధతుంది సార్. మూడు కొనల్లో దేని చుట్టూ తిరిగినా అందరం ఒకేవైపు తిరుగుతాం. సముద్రం ఎడమ చేతికి ఉండాలి. రోడ్డు సన్నం. రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి కొండెక్కాలి, ఒకటి నీళ్ళలో దూకాలి. ఎక్కడా బోర్డు లేదు. కానీ తప్పినవాడికి ఈ తీరంలో టీ కూడా పొయ్యరు."

మొదటి కొన దగ్గర గాలి మనిషిని పక్కకి తోసేలా ఉంది. నెమలి రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి స్టిక్‌ని పొడుగ్గా లాగి సముద్రం వైపు చాపింది. డ్రైవర్ మాత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడి వచ్చిన రోడ్డునే చూస్తున్నాడు.

"రండి డ్రైవర్‌గారూ, మీరూ ఫొటోలో నిలబడండి," అన్నాడు తాబేలు.

డ్రైవర్ అడుగు వెనక్కి వేశాడు. "నాకొద్దు సార్. ఫొటో తీయమంటే ఎన్నయినా తీస్తా. దిగను."

"ఎందుకని?"

"కలిసిరాదు సార్."

తాబేలు పట్టుబట్టలేదు. మనసులో ఒక ముడి వేసుకున్నాడు. కోడ్ వర్డ్ ఒకటి. కళ్ళజోడు, టోపీ రెండు. ఇది మూడు.

మళ్ళీ కారెక్కాక మామూలుగా అడిగాడు. "ఆమధ్య ఇక్కడే ఏదో కారు పడిపోయిందటగా? డ్రైవర్ పారిపోయాడని పేపర్లో చదివా."

అంతదాకా ఆగని నోరు ఆగింది. అద్దంలో నల్ల కళ్ళజోడు వెనక్కి చూసింది.

"బక్కోడు పారిపోయే రకం కాదు సార్," అన్నాడు డ్రైవర్ చివరికి. "మేమిద్దరం ఒకే ఏడు లైసెన్స్ తీసుకున్నాం. కారుని సముద్రంలోకి తోసి తను దిగిపోయాడంటే నేను నమ్మను. వాడు టైరుకి ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేవాడు."

"మరి ఎక్కడున్నట్టు?"

"అదే నేనూ అడుగుతున్నా. ఎవరూ చెప్పట్లేదు."

నెమలి తాబేలు అరచేతిలో గోటితో గీసింది. హంతకుణ్ణి వెనకేసుకొస్తున్నాడు, అని దాని అర్థం.

రెండో కొన దగ్గర భోజనానికి ఆగారు. నెమలి ఫ్లాస్క్ తీసుకుని ఒక కప్పు టీ పోసుకుంది, డ్రైవర్ వాసన పీల్చి తన కష్టాలేవో చెప్పబోతే అతనికీ పోసింది. తాబేలు ఫోన్ మోగడంతో అవతలికి నడిచాడు.

"ఎక్కడ చచ్చావురా?" అంది అక్క.

"పైపుల ఆర్డర్ మీద ఊరొచ్చానక్కా."

"రాత్రికి మీ బావ ఇల్లు చేరతాడు. ఈసారి పిల్లల పరీక్షలయ్యేదాకా ఎక్కడికీ పోనని మాటిచ్చాడు. నువ్వూ రా. నీకో సంబంధం చూశా. తుఫాను తుఫానని టీవీలో ఒకటే గోల, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఆయనకేం కాదు కదరా?"

తాబేలు సముద్రం వైపు చూశాడు. దూరంగా ఆకాశం నల్లగా దిగివస్తోంది.

"ఏం కాదు. నేను చెప్తున్నాగా."

"నువ్వు పైపులమ్ముకునేవాడివి. నీకేం తెలుసు సముద్రం సంగతి?" అని ఫోన్ పెట్టేసింది.

* * *

మూడో ద్వీపకల్పం మొదట్లో చెక్‌పోస్ట్. ముందున్న టూర్ బస్సులోంచి అందర్నీ దింపి సంచులు బోర్లిస్తున్నారు. తాబేలు కిటికీలోంచి కార్డు చూపించాడు. గార్డు సెల్యూట్ కొట్టబోయి, అతని చూపు చూసి చెయ్యి దించేసి గేటెత్తాడు. కారుని ఎవరూ ముట్టుకోలేదు. డ్రైవర్ వెనక్కి తిరిగి, "సార్ పలుకుబడి గట్టిదే," అన్నాడు.

ఇంకాస్త ముందుకెళ్ళాక రోడ్డు రెండుగా చీలింది. ఎడమకి తిరిగితే పద్ధతి ప్రకారం సముద్రం ఎడమ చేతికి వస్తుంది. ఆ దారి మొదట్లోనే రేకుల కప్పుతో ఒక టీ దుకాణం, దాని ముందు టీ కోసం ఆగిన మరో బస్సు కనిపిస్తున్నాయి.

డ్రైవర్ దుకాణం వైపు ఒకసారి చూశాడు. టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు. స్టీరింగ్‌ని కుడికి తిప్పేశాడు.

"ఇటు కాదు కదా," అన్నాడు తాబేలు నెమ్మదిగా.

"అటు బస్సులు సార్. జనం. మనకి ప్రశాంతంగా ఉంటుంది."

"ఎదురుగా బస్సు వస్తే?"

"రాదు సార్. వచ్చేలోపు మనం కొన దగ్గరుంటాం." అతని మెడ మీద చెమట మెరుస్తోంది. ఆ గాలిలో, ఆ చలిలో చెమట.

నెమలి తాబేలు భుజం మీద తల వాల్చింది. కొత్తగా పెళ్ళయిన జంటలా ఉన్నారు. ఆమె పెదవులు అతని చెవి దగ్గర కదిలాయి.

"ఇంకా ఏం కావాలి నీకు? కోడ్ తెలుసు. ఫొటో దిగడు. పారిపోయినవాడు వీడి దోస్తు. ఇప్పుడు ఎవరూ రాని దారి. తల వెనక ఒక్క దెబ్బ వెయ్యి. కారు నేను పట్టుకుంటా."

తాబేలు డ్రైవర్ మెడ వంక చూశాడు. ఫ్లాస్క్ అంచు ఎక్కడ తగలాలో కూడా అతనికి తెలుసు. బావ ఓడ ఈపాటికి మొదటి కొన దాటి ఉంటుంది.

"తొందరేముంది?" అన్నాడు.

"తొందరేముందా? అక్కడ ఓడ వస్తోంది!"

"వీణ్ణి కొట్టి, రిమోట్ ఇంకెవరి దగ్గరో ఉంటే?"

ఆమె జరిగి కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె వైపు కొండ, నున్నగా తడిసిన నల్లరాయి. తాబేలు వైపు సముద్రం. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ముందు రోడ్డు ఒక పెద్ద బండ వెనక్కి మెలి తిరుగుతోంది. బండ వెనక ఏముందో కనబడదు. రేడియోలాంటి డ్రైవర్ ఎందుకో మళ్ళీ నోరు మూసుకున్నాడు.

నెమలి చెయ్యి కిటికీ హ్యాండిల్ మీదికి వెళ్ళింది. గిరగిరా తిప్పింది. అద్దం పైదాకా లేచింది.

కారు మలుపు తిరిగింది.

దబ్బుమని చప్పుడు. కుడివైపు రాతి బొక్కలోంచి సముద్రం ఏనుగు తొండంతో చిమ్మినట్టు లేచి, కారు మీద పడి, తెరిచిన కిటికీలోంచి తాబేలుని నెత్తినుంచి చెప్పులదాకా ముంచేసింది.

డ్రైవర్ పగలబడి నవ్వాడు. తన కిటికీని ఏ క్షణాన ఎత్తాడో, చుక్క నీరు పడలేదు. "తొండం రాయి సార్! మా టూరు స్పెషల్! ముందుగా ఎవరికీ చెప్పం. కంపెనీ ఏదైనా, గైడ్ ఎవరైనా, చెప్పకూడదని మాలో మాకు ఒట్టు. చెప్తే ఇంకేం సరదా? మామూలుగా ఎడమవైపు కూర్చున్నవాళ్ళు తడుస్తారు. ఇవాళ తిరగేసి వచ్చాం కాబట్టి మీ వంతు. మేడమ్ అదృష్టం!"

"దుమ్ము వస్తోందని వేశా," అంది నెమలి.

తాబేలు చేతిరుమాలు పిండుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కో కొస పట్టుకుని పిండాడు. పొద్దుటినుంచీ తెరిచి ఉన్న కిటికీ అది. తడి రోడ్డు మీద దుమ్మెక్కడిది? కొండ వైపు కిటికీ, మలుపుకి ముందు, ఎవరైనా ఎందుకు ఎత్తుతారు?

ఒకసారి ఎడమవైపు కూర్చుని ఇక్కడ తడిసినవాళ్ళే ఎత్తుతారు. బండ కనబడగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇవాళ సముద్రం అటు కాదు ఇటు ఉందన్న సంగతి బుర్రకి చేరేలోపే చేతికి గుర్తొస్తుంది.

మొదటిసారే, అంది పొద్దున.

బక్కోడి కారులో వెనక సీట్లో మన కుర్రాడు ఒక్కడే లేడు. పక్కన ఎవరో కూర్చున్నారు. స్కార్ఫ్ తడిసి విసుక్కున్నారు. ఆ కుర్రాడు పక్కనున్న మనిషిని నమ్మి మెడ అటు తిప్పాడు.

చెక్‌పోస్ట్‌లో ఆమె సంచిని ఎవరూ విప్పలేదు. తన కార్డే ఆమెకి గేటు తెరిచింది. మైన్ కబురు తెచ్చి డిపార్ట్‌మెంట్ నమ్మకం కొన్నదీ అందుకే. ఆమెకి తనతో పని అంతవరకే.

* * *

మూడో కొన. చదునైన రాయి, తుప్పు పట్టిన రెయిలింగ్, ఒక బెంచీ. మనిషన్నవాడు లేడు. ఎదురుగా నీళ్ళలో లైట్‌హౌస్ రాయి. రెంటికీ మధ్య ఇరుకు జలసంధి. దాని అవతల, నల్లటి ఆకాశాన్ని వీపున మోసుకుంటూ తెల్ల ఓడ వస్తోంది.

నెమలి దిగి రెయిలింగ్ దగ్గరికి నడిచింది. ఫోన్‌ని స్టిక్‌కి తగిలించింది. స్టిక్‌ని ఒక్కో ముక్కా బయటికి లాగింది. పొద్దుటినుంచీ రెండు కొనల్లోనూ ఆమె అలాగే లాగింది. ప్రతిసారీ స్టిక్ సముద్రం వైపే చాపింది, ఫోన్ తెర నల్లగానే ఉంది. అది ఫొటోల కర్ర కాదు. యాంటెన్నా.

తాబేలు కారు చాటున ఫ్లాస్క్ మూత తిప్పి నొక్కాడు. అడుగున వెలగాల్సిన ఎర్ర దీపం వెలగలేదు. అడుగు విప్పి చూశాడు. బ్యాటరీ ఉండాల్సిన గూడు ఖాళీ.

భోజనాల దగ్గర టీ పోసింది ఎవరో గుర్తొచ్చింది.

ఆమె బొటనవేలు స్టిక్ పిడి మీది బటన్ దగ్గరే ఉంది. మీద పడితే? తను ఎంత వేగంగా దూకినా ఆ వేలి కంటే వేగంగా దూకలేడు. తన వేగం సంగతి డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలుసు. ఓడ ఇంకా జలసంధిలోకి రాలేదు. అది వచ్చేదాకా ఆమె నొక్కదు. ఉన్న వ్యవధి అంతే.

"డ్రైవర్‌గారూ!" అని నవ్వుతూ కేకేశాడు. "మా ఇద్దరికీ ఒక ఫొటో తియ్యండి."

"వద్దండీ, నేనే తీస్తా," అంది నెమలి.

ఆమె మాట పూర్తయ్యేలోపే డ్రైవర్ వచ్చేశాడు. ఏళ్ళ తరబడి టూరిస్టుల చేతుల్లోంచి ఫోన్లు లాక్కుని ఫొటోలు తీసిన చేతులవి. అనుమతి అడగవు. "ఇలా ఇచ్చెయ్యండి మేడమ్. కర్రతో తీస్తే మొహాలు గుమ్మడికాయల్లా వస్తాయి." స్టిక్ అందుకున్నాడు, ఫోన్ ఊడబీకాడు, స్టిక్‌ని టకటకా మడిచి వెనక నడుములో దోపుకున్నాడు. "ఆఁ, దగ్గరగా జరగండి!"

తాబేలు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా దగ్గరికి లాక్కున్నాడు. ఆమె ఒక్కసారి గుంజుకుని, అతను వదలకపోవడంతో ఆగిపోయింది. మరుక్షణం హ్యాండ్‌బ్యాగ్ లోపలినుంచి గట్టిదేదో అతని పక్కటెముకల్ని తాకింది.

"వదులు," అంది నవ్వు చెదరకుండా.

"ఫొటో అయ్యాక."

"ఎలా తెలిసింది?"

"కిటికీ. కొండవైపుది."

ఆమె నవ్వు ఒక్క క్షణం గడ్డకట్టింది. "మూడు దేశాలు పట్టుకోలేకపోయాయి."

"వాళ్ళు తడవలేదు."

"సార్, కాస్త నవ్వండి!" అన్నాడు డ్రైవర్. "మేడమ్ ఎంత చక్కగా నవ్వుతున్నారు! మీరేంటి, ఎవరో పొడుస్తున్నట్టు పెట్టారు మొహం?"

ఓడ ముక్కు జలసంధిలోకి దూరింది. దాని రేకుల మీద పెయింటు కూడా కనిపిస్తోంది.

నెమలి ఇక నవ్వలేదు. చెయ్యి బయటికి తీసింది. చిన్న నల్ల పిస్టల్ డ్రైవర్ వైపు తిరిగింది. "స్టిక్ ఇటివ్వు."

డ్రైవర్ రాయిలా నిలబడిపోయాడు. "మేడమ్... ఫొటో బాగా రాలేదా?"

"ఇటివ్వు!"

అతని చెయ్యి వెనక నడుము వైపు మెల్లగా కదిలింది. సరిగ్గా అప్పుడు హారన్ మోగింది. అవతలి దారినుంచి, పద్ధతి ప్రకారం వచ్చిన చివరి బస్సు కొన దగ్గర ఆగింది. ముందుగా దిగిన పెద్దావిడ చేతిలో పెద్ద టీ డ్రమ్ము, చంకలో కప్పుల బుట్ట. ఆవిడకి పిస్టల్ కనపడలేదు. నీలం కారు కనపడింది. దాని పక్కన బొద్దుగా ఉన్న మనిషి కనపడ్డాడు.

"ఏమయ్యా అల్లుడూ!"

ఆ గొంతుకి గట్టు మీది పక్షులన్నీ లేచాయి.

"నడుం పట్టేసి మంచం మీద ఉన్నావన్నావే! అటు నుంచి ఇటు ఒత్తిగిల్లలేనన్నావే! నా దుకాణానికి కొత్త రేకులు వెయ్యమంటే మూలిగావే! నువ్వు మొయ్యాల్సిన టీ నేను మోసుకుని తిరుగుతున్నానిక్కడ!"

పిస్టల్‌కి కదలని మనిషి ఆ గొంతుకి కదిలాడు. "అమ్మో, అత్తగారు!" అని ఒక్క గెంతు గెంతి కారు వెనక్కి పరుగెత్తాడు.

నెమలి చూపు అటు తిరిగింది. తాబేలుకి ఆ రెప్పపాటు చాలు. ఫ్లాస్క్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ రాయి మీద ఎగిరి, రెయిలింగ్ కిందినుంచి సముద్రంలోకి జారింది. కానీ ఆమె చేపలా జారిపోయింది. కారు చుట్టూ తిరిగి డ్రైవర్ కాలర్ పట్టింది, అతని నడుములోంచి స్టిక్ పెరికింది, బటన్ నొక్కింది.

ఓడ జలసంధి నడిమధ్యన ఉంది.

ఏమీ కాలేదు.

ఆమె స్టిక్ వంక చూసింది. మడిచి ఉంది. మడిచిన యాంటెన్నా సిగ్నల్ అంత దూరం పోదు. పళ్ళు బిగించి లాగింది. ఒక ముక్క బయటికొచ్చింది. రెండోది వచ్చింది. చివరి ముక్క అడుగున బిగుసుకుంది.

తాబేలు పరుగెత్తాడు. ట్రైనింగ్ మైదానంలో ఎన్నడూ పరుగెత్తని పరుగు. కళ్ళముందు ఓడ లేదు, సముద్రం లేదు, అక్క మొహం ఒక్కటే ఉంది. చివరి ముక్క టక్కుమని బయటికి వస్తుండగా, ఆమె బొటనవేలు బటన్ మీదికి దిగుతుండగా, అతని భుజం ఆమెని ఢీకొట్టింది. ఇద్దరూ రాయి మీద దొర్లారు. స్టిక్ అతని పొట్ట కింద రెండుగా విరిగింది.

ఓడ జలసంధి దాటింది. దాటాక ఒకసారి పొడుగ్గా కూత వేసింది.

బస్సు దిగినవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఒకాయన చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడంతో ఆగిపోయాడు.

* * *

చెక్‌పోస్ట్ వాళ్ళు నెమలిని జీపెక్కించారు. ఎక్కేముందు ఆమె స్కార్ఫ్ సర్దుకుంది. "ఆ మూర్ఖుడు సరైన దారిలో వచ్చి ఉంటే నువ్వు పట్టుకోలేవు," అంది.

"నిజమే," అన్నాడు తాబేలు.

టీ డ్రమ్ము పక్కన డ్రైవర్ తల వంచుకుని నిలబడ్డాడు. కళ్ళజోడు, టోపీ, తువ్వాలు మూడూ అత్తగారి చేతిలో ఉన్నాయి. మొహం దాచుకున్నది, ఫొటోలు దిగనిది, దుకాణం తప్పించుకుని తిరగేసి వచ్చింది, చలిలో చెమట పట్టింది అన్నీ ఆవిడ భయానికే. తాబేలు రోజంతా కట్టుకున్న అనుమానాల మూట ఆ టీ డ్రమ్ము దగ్గరే విడిపోయింది.

"మరి ఈ గాలికి టోపీ నిలవదన్న మాట ఎక్కడిది?" అని అడిగాడు.

"నిలవదు కదా సార్," అన్నాడు డ్రైవర్ అయోమయంగా. "ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్తా."

పెద్దాయనకి కోడ్ వర్డులు మార్చమని చెప్పాలనుకున్నాడు తాబేలు.

చీకటి పడకముందే నేవీ డైవర్లు జలసంధిలోంచి మైన్ పైకి తీశారు. తొండం రాయి కింద గుహలో ఇంకొకటి కూడా దొరికింది. బక్కోడి శవం. మెడ మీద అదే ఎర్రచుక్క. డ్రైవర్ మెల్లగా, "పారిపోలేదని వాళ్ళావిడకి నేను చెప్పొచ్చా సార్?" అన్నాడు.

"పేపర్లో కూడా వేయిస్తాను."

అత్తగారు అల్లుడి చేతిలో టీ కప్పు పెట్టింది. "రేకులు రేపు వేద్దువుగానీ," అంది.

తాబేలు ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ హార్బర్‌లో దిగాడ్రా!" ఆమె గొంతు నిండా వెలుగు. ఆ మాట వినగానే తాబేలు బెంచీ మీద కూలబడ్డాడు. తడిబట్టల చలి అప్పుడు తెలిసింది. "అదలా ఉంచు. కొండ కొన మీద నిన్ను బైనాక్యులర్స్‌లో చూశాడట. పక్కన పచ్చ స్కార్ఫ్ అమ్మాయి, చిలకలా ఉందట. భుజం మీద చెయ్యేసి గట్టిగా పట్టుకుని ఫొటో దిగుతున్నావట. పైపుల ఆర్డరా ఇది? అంత గట్టిగా పట్టుకోవడమేమిట్రా నలుగురిలో?"

తాబేలు కొండ దిగుతున్న జీపు ఎర్రదీపాల వంక చూశాడు.

"వదిలితే పారిపోయేదక్కా."

అక్క ఉత్సాహంగా, గొంతు తగ్గించి అడిగింది.

"అంత మంచి సంబంధమా?"